అమ్మ మోకాలి ఇంప్లాంట్‌కి ‘పాచి పట్టింది’ అన్నారు. మందులతో ఎందుకు పోదు?

నల్లకుంట_అబ్బాయి · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

మా అమ్మకి 64 ఏళ్ళు. పోయిన దసరా తర్వాత కుడి మోకాలు మార్పించాం. మూడు నెలలు బాగానే ఉంది, కూరగాయలకి తనే నడిచి వెళ్ళొచ్చేది. తర్వాత మోకాలు వెచ్చబడటం మొదలైంది. జ్వరం లేదు, ఎర్రదనం పెద్దగా లేదు. రెండు మోకాళ్ళ మీదా చేతులు పెడితే మాత్రం కుడివైపు వేడి తెలిసిపోయేది. ఆపరేషన్ చేసినచోట చూపిస్తే "మామూలే, ఐస్ పెట్టండి" అని రెండుసార్లు పంపించేశారు. ఆరో నెలలో కుట్టు పక్కన చిన్న పొక్కులా లేచి చీము కారింది.

అప్పుడు వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మోకాల్లోంచి నీరు తీసి పరీక్షకి పంపారు. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అని వచ్చింది. "ఇంప్లాంట్‌కి పాచి పట్టిందమ్మా. లోపల ఉన్నదంతా తీసేసి, కడిగి, కొన్నాళ్ళు మందు కలిపిన సిమెంట్ ముక్క పెట్టి, తర్వాత కొత్తది వెయ్యాలి" అన్నారు. అంటే ఇంకో రెండు ఆపరేషన్లు.

నా డౌట్ ఒకటే. ఆ రిపోర్టులో ఈ క్రిమి మీద నాలుగు మందులు పనిచేస్తాయని రాసి ఉంది. పనిచేసే మందు ఉన్నప్పుడు అది ఇస్తే సరిపోదా? లోహం ఏం పాపం చేసింది, దాన్నెందుకు పీకడం?

సంపు_సాయి · ఆదివారం, రాత్రి 10:05

అన్నా, నేను డాక్టర్ని కాదు. పన్నెండేళ్ళుగా సంపులు, ట్యాంకులు కడిగే పని. నాకు తెలిసింది చెప్తా.

సంపులో క్లోరిన్ బిళ్ళలు వేస్తే నీళ్ళు మంచిగ అవుతాయి, టెస్టు చేసినా పాస్. అదే సంపు ఖాళీ చేసి లోపలికి దిగి గోడ మీద వేలు పెట్టి రాస్తే జిగట. ఆ జిగటకి క్లోరిన్ ఎక్కదు. బ్రష్షు పెట్టి గీకాల్సిందే. గీకకుండా నీళ్ళు మార్చినోళ్ళు పదిహేను రోజులకే మళ్ళీ ఫోన్ చేస్తారు, "సాయీ, మళ్ళీ వాసనొస్తోంది" అని. సిమెంటు గోడకి ఎక్కువ పడుతుంది, ప్లాస్టిక్ ట్యాంకుకి తక్కువ. కానీ పట్టనిదంటూ నేను చూడలే.

మెటల్_అక్క · ఆదివారం, రాత్రి 11:18

సాయిగారు ఒక పేరాలో చెప్పేశారు, మా గైడ్‌కి గంట పడుతుంది! నేను బయోమెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, లోహపు బిళ్ళల మీద ఎముక కణాలు పెంచడం నా రోజువారీ పని. డాక్టర్ని కాదు కాబట్టి వైద్యం గురించి మాట్లాడను. పాచి గురించి మాట్లాడతా.

ముందు రిపోర్టు సంగతి. ల్యాబులో క్రిమిని పోషక ద్రవంలో విడివిడిగా ఈదేటట్టు పెంచి, అందులో మందు కలిపి చూస్తారు. అంటే అది ‘సంపులో నీళ్ళ’ టెస్టు. గోడ మీద జిగట మీద మందు పనిచేస్తుందో లేదో ఆ రిపోర్టు చెప్పదు. అదే క్రిమి ఉపరితలానికి అతుక్కుని గుంపుగా బతికితే, దాన్ని చంపడానికి మందు మోతాదు వెయ్యి రెట్ల వరకూ పెంచాల్సి రావచ్చు. అంత మోతాదు రక్తంలోకి ఎక్కిస్తే క్రిమి కంటే ముందు కిడ్నీలు పోతాయి.

ఎందుకంత మొండితనం? అతుక్కున్న క్రిములు తమ చుట్టూ చక్కెర గొలుసులు, ప్రోటీన్లతో ఒక బంక తయారు చేసుకుంటాయి. మన రక్తంలోని తెల్లకణాలు ఆ బంకని మింగలేవు. ఇంకో కారణం అడుగున ఉండేవి. వాటికి ఆక్సిజన్, తిండి సరిగ్గా అందవు, కాబట్టి దాదాపు నిద్రలో ఉంటాయి. చాలా యాంటీబయాటిక్స్ ఎదుగుతున్న క్రిమినే చంపుతాయి, పడుకున్నదాన్ని ఏం చెయ్యలేవు. కోర్సు అయిపోయాక అవి లేస్తాయి. మీ అమ్మగారికి వచ్చింది మన చర్మం మీద ఎప్పుడూ ఉండే రకం, నెమ్మదిగా పనికానిస్తుంది. జ్వరం లేకుండా వట్టి వెచ్చదనంతో నెలలు గడవడం దాని పద్ధతే.

ఇదంతా మొదలయ్యేది లోహం ఒంట్లోకి వెళ్ళిన తొలి క్షణాల్లోనే. కణాలూ క్రిములూ లోహాన్ని నేరుగా తాకనే తాకవు. సెకన్లలో రక్తంలోని ప్రోటీన్లు వచ్చి దాని మీద పొరలా పరుచుకుంటాయి. మొదట ఎక్కువగా ఉన్నవీ త్వరగా కదిలేవీ వచ్చి కూర్చుంటాయి, తర్వాత గట్టిగా పట్టుకునేవి వచ్చి వాటిని లేపేస్తాయి. అచ్చం మన జనరల్ బోగీ. దీన్ని కనిపెట్టిన లియో వ్రోమన్ పేరుతోనే వ్రోమన్ ఎఫెక్ట్ అంటారు. ఆ ప్రోటీన్ చాప మీదికి ఎవరు ముందు వస్తే వాళ్ళదే చోటు. మన కణాలు ముందు సర్దుకుంటే క్రిమికి చోటుండదు, క్రిమి ముందు పాగా వేస్తే మన కణాలు దగ్గరికే రావు. 1987లో ఆంథనీ గ్రిస్టినా అనే అమెరికన్ ఎముకల డాక్టరు దీన్ని ‘ఉపరితలం కోసం పందెం’ అన్నాడు. మా ఫీల్డులో ఇప్పటికీ అదే మాట వాడతాం.

మౌలాలి_మాస్టారు · సోమవారం, ఉదయం 6:12

ఆ డాక్టరుగారు ‘పాచి’ అన్నారు చూశారా, ఆ మాట నాకు భలే నచ్చింది. బావిమెట్ల మీద పాచి, పాచిపళ్ళు, పాచినీళ్ళు. చెరువుకీ నోటికీ మన భాష ఒకే మాట వాడింది.

మనిషి మొట్టమొదట చూసిన క్రిములలో పంటిపాచి క్రిములున్నాయి. 1680లలో హాలండ్‌లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తానే అరగదీసుకున్న గాజు పూసలతో తన పళ్ళ సందుల్లోని తెల్ల పదార్థాన్ని చూశాడు. కదిలే జీవులు కనబడ్డాయి. అతను ఇంకో సంగతి కూడా రాశాడు. నోట్లో వెనిగర్ పోసుకుని పుక్కిలిస్తే పాచి పైపొరలో ఉన్నవే చచ్చాయట, లోపలివి బతికే ఉన్నాయట. అబ్బాయీ, నువ్వడిగిన ప్రశ్నకి మూడువందల ఏళ్ళ కిందటే ఆయన నోట్లో జవాబు దొరికింది.

ఆ తర్వాత ఈ సంగతి చాలాకాలం మరుగున పడింది. సూక్ష్మజీవశాస్త్రం అంటే గాజుకుప్పెలో ఈదే క్రిములే అన్నట్టు నడిచింది. 1978లో బిల్ కాస్టర్టన్, సహచరులు క్రిములు ఎలా అతుక్కుంటాయో వివరంగా రాశాక గానీ అందరి దృష్టీ గోడ మీదికి మళ్ళలేదు.

చిలిపి_బల్లి · సోమవారం, ఉదయం 8:30

అయితే ఇంప్లాంట్‌కి రోజూ పొద్దున్నే వేపపుల్ల పెడితే సరి 🙂

నల్లకుంట_అబ్బాయి · సోమవారం, ఉదయం 8:51

అక్కా, సాయన్నా, మాస్టారూ, థ్యాంక్యూ. ఆ ‘నీళ్ళ టెస్టు’ ముక్క చదివాక మొదటిసారి బుర్రకెక్కింది. ఇంట్లో అందరికీ అదే చెప్పా. బల్లిగారూ, అమ్మ కూడా మీలాగే అంది.

ఎముకల_డాక్టర్ · సోమవారం, రాత్రి 10:27

ఓపీ ముగించుకుని ఇప్పుడే చూశాను. మీ అమ్మగారి కేసు చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను, మీ డాక్టరుగారి మాటే ఫైనల్. సాధారణంగా జరిగేది చెప్తాను.

పాచి ముదరకముందు, అంటే లక్షణాలు మొదలై మూడు వారాలు దాటకుండా, ఇంప్లాంట్ గట్టిగా ఉంటే, మోకాలు తెరిచి శుభ్రంగా గీకి, మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క మాత్రం మార్చి, లోహాన్ని ఉంచి ప్రయత్నించవచ్చు. నెలలు గడిచి బయటికి చీము దారి చేసుకున్నాక ఆ అవకాశం దాదాపు ఉండదు. వెచ్చగా ఉందని మీరు వెళ్ళిన రెండుసార్లలో ఒక్కసారైనా నీరు తీసి చూసి ఉండాల్సింది. అయిపోయిందాన్ని తవ్వను, కానీ చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, నీరు తియ్యకముందే మెడికల్ షాపులో కొని యాంటీబయాటిక్ మింగించకండి. మింగితే కల్చర్‌లో, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగకపోవచ్చు, అప్పుడు మాకు చీకట్లో బాణం వేసినట్టే.

ఇక ‘సిమెంట్ ముక్క’. అది ఇల్లు కట్టే సిమెంట్ కాదు, పీఎంఎంఏ అనే ప్లాస్టిక్. పొడీ ద్రవమూ కలిపితే పిండిలా అయి, వేడెక్కి, పది పదిహేను నిమిషాల్లో రాయి అవుతుంది. అందులో వాంకోమైసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ కలుపుతాం. రక్తం ద్వారా పంపలేనంత మోతాదు అక్కడికక్కడే ఊరుతుంది.

మెటల్ అక్కగారికి చిన్న సవరణ. మన దగ్గర ఎక్కువ మోకాళ్ళు సిమెంటుతోనే బిగిస్తాం. తొడ ఎముక వైపు కోబాల్ట్ క్రోమియం, మధ్యలో పాలిథిలిన్. ఎముక వచ్చి లోహాన్ని కౌగిలించుకునే కథ అక్కడ పెద్దగా ఉండదు. అది తుంటి కీళ్ళలో, పళ్ళ ఇంప్లాంట్లలో.

మెటల్_అక్క · సోమవారం, రాత్రి 10:55

ఒప్పుకుంటున్నా డాక్టర్‌గారూ. మాకు ల్యాబులో టైటానియం తప్ప ప్రపంచం కనబడదు.

రాగిచెంబు · మంగళవారం, ఉదయం 7:20

ఇంత పెద్ద సైన్సు కదా, మరి రాగితో చెయ్యొచ్చు కదా మోకాలు? రాగిచెంబులో రాత్రి నీళ్ళు పోసి పెడితే క్రిములు చస్తాయని మా నాయనమ్మకి కూడా తెలుసు. లేదంటే తామరాకులాగా ఏదీ అంటని పూత వెయ్యండి. తామరాకు మీద నీటిబొట్టే నిలవదు, క్రిమి నిలుస్తుందా?

మెటల్_అక్క · మంగళవారం, మధ్యాహ్నం 1:40

మంచి ప్రశ్న, వెటకారంగా అడిగినా సరే. లంచ్ టైమ్‌లో రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

రాగి నిజంగానే చంపుతుంది. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ రాగి మిశ్రమాలను క్రిమిసంహారక ఉపరితలాలుగా నమోదు చేసింది. 2020లో కరోనా వైరస్‌ని రకరకాల ఉపరితలాల మీద వేసి చూస్తే, రాగి మీద 4 గంటల తర్వాత బతికిన వైరస్ దొరకలేదు, ప్లాస్టిక్ మీదా స్టీలు మీదా రెండు మూడు రోజుల దాకా దొరికింది. తలుపు పిడికి, మంచం కమ్మీకి రాగి భేష్. కానీ రాగి అయాన్లు క్రిమినీ మన కణాన్నీ వేరు చేసి చూడవు. మోకాల్లో పెడితే చుట్టూ ఉన్న కండ కూడా దెబ్బతింటుంది. వెండి కొంచెం నయం. ఎముక క్యాన్సర్ వచ్చినవాళ్ళకి పెట్టే పెద్ద ఇంప్లాంట్ల మీద వెండి పూత వాడుతున్నారు. అక్కడ ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ కాబట్టి.

తామరాకు సంగతి ఇంకా సరదా. దాని మీద సూక్ష్మమైన బుడిపెలు, వాటి మీద మైనపు నూగు ఉంటాయి. బొట్టు ఆ నూగు కొసల మీద కూర్చుంటుంది, కింద అంతా గాలే. జర్మనీలో బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రవేత్త 1990లలో దీన్ని సూక్ష్మదర్శినిలో వివరంగా చూపించాడు. బట్టలకి, గోడ రంగులకి ఈ ఉపాయం వాడుతున్నారు. ఒంట్లో పెడితే ఏమవుతుందంటే, ఆ గాలి పొర రక్తంలో ఎంతోసేపు నిలవదు. గాలి పోయాక మిగిలేది గరుకు నేల, అంటే క్రిమికి ఇంకా మంచి దాపు.

అసలు చిక్కు వేరే ఉంది. ఏదీ అంటని పూత వేస్తే ఎముక కూడా అంటదు. ఎముక కణం వచ్చి పట్టుకునేది ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లని. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమికి కూడా అదే ఫైబ్రోనెక్టిన్‌ని పట్టుకునే కొక్కేలున్నాయి. పిలిచిన చుట్టానికీ దొంగకీ ఒకటే గడప. చుట్టానికి తెరిచి దొంగకి మూయడం ఎలా అన్నదే మా బతుకు.

గడపని మార్చి చూశారు చాలామంది. ఫ్లోరిడాలో ఆంథనీ బ్రెన్నన్ సొరచేప చర్మం మీది గీతల్ని అనుకరించి సన్నని గాళ్ళున్న ప్లాస్టిక్ చేశాడు. 2012లో ఆస్ట్రేలియాలో ఎలెనా ఇవనోవా బృందం ఇలకోడి (సికాడా) రెక్క మీది సూక్ష్మమైన మేకులు ఏ మందూ లేకుండానే క్రిమి పొరని చీల్చేస్తున్నాయని చూపించింది. చదివినప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది. కానీ నా సొంత అభిప్రాయం చెప్తా, మా సీనియర్లు తిట్టినా పర్లేదు: ఈ పేపర్లలో చాలా వాటిలో క్రిమిని శుభ్రమైన ద్రవంలో వేసి గంటో, రోజో చూస్తారు. మోకాల్లో రక్తం ఉంటుంది. నిమిషాల్లో ఆ మేకుల మీద ప్రోటీన్ దుప్పటి పడుతుంది, చచ్చిన క్రిములు మరో దుప్పటి. దుప్పటి కింద మేకు గుచ్చుకుంటుందా?

ఎముకల_డాక్టర్ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఈ మాట పరిశోధకులే అనడం మొదటిసారి వింటున్నాను. ప్రతి కాన్ఫరెన్సులో మాకు పెట్రీ డిష్ (ల్యాబులో క్రిముల్ని పెంచే పళ్ళెం) ఫోటోలు చూపించి "ఇక ఇన్‌ఫెక్షన్ ఉండదు సార్" అంటారు.

మెటల్_అక్క · మంగళవారం, రాత్రి 9:30

అయితే పెట్రీ డిష్‌ని మరీ తీసిపారెయ్యకండి సార్. అందులో ఏం కనబడుతుందో చెప్తా.

పది రూపాయల బిళ్ళంత టైటానియం ముక్కలు రెండు. ఒకటి అద్దంలా పాలిష్ చేసింది, ఇంకోటి ఆమ్లంలో ముంచి గరుకు చేసింది. రెండింటి మీదా ఎముక కణాలు వదులుతాం. మొదట అన్నీ గుండ్రంగా సగ్గుబియ్యం గింజల్లా ఉంటాయి. నాలుగు గంటలకి పాలిష్ ముక్క మీదివి హాఫ్ ఫ్రైలా చదునుగా పరుచుకుంటాయి, మధ్యలో పచ్చసొనలా కేంద్రకం. గరుకు ముక్క మీదివి అంత పరుచుకోవు. గుంతల అంచులు పట్టుకుని వేలాడుతున్నట్టు, సన్నని కాళ్ళు చాపి వెతుక్కుంటాయి. రెండు మూడు వారాలకి చూస్తే క్యాల్షియం ఎక్కువ పేర్చింది ఆ వేలాడినవే. రసాయనం ఒకటే, లోహం ఒకటే. నేల తీరు మారితే కణం బుద్ధి మారింది. మొదటిసారి చూసినరోజు మెస్‌కి వెళ్ళడం మర్చిపోయా.

ఒకసారి ఇన్‌క్యుబేటర్‌లో ట్రే నీళ్ళు మార్చడం నేనే మర్చిపోయా. ఫంగస్ వచ్చి నెల పని మొత్తం పోయింది. గరుకు ముక్కల మీదే ముందు పట్టింది. చుట్టం, దొంగ, ఒకటే గడప అన్నానే, అది పేపర్లో చదివి అన్న మాట కాదు.

మౌలాలి_మాస్టారు · బుధవారం, ఉదయం 6:05

టైటానియం మాట వచ్చింది కాబట్టి చెప్తా. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేలు కాలి ఎముకలో రక్తప్రసారం చూద్దామని చిన్న టైటానియం గొట్టం బిగించాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని పట్టేసింది. ఖరీదైన పరికరం పోయిందని ముందు చిరాకుపడ్డా, అదే ఆయన జీవితకాలపు పని అయింది. 1965లో తొలిసారి మనిషి దవడలో పళ్ళకోసం టైటానియం మరలు బిగించాడు. గుట్టంతా ఆ లోహం మీద గాలి తగలగానే ఏర్పడే ఆక్సైడ్ పొరలో ఉంది. మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. ఒంటికి కనబడేది లోహం కాదు, ఆ పొరే.

మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఉన్న మిధాని అనే ప్రభుత్వ లోహాల కర్మాగారంలో టైటానియం మిశ్రమాలు పోతపోస్తారు, రాకెట్లకీ, ఎముకలకీ కూడా.

కంటిచూపు · బుధవారం, ఉదయం 11:44

డాక్టరుగారు పీఎంఎంఏ అనగానే ఆగలేకపోయాను. కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్ట్‌ని. మీరు మోకాల్లో పెట్టే ఆ ప్లాస్టిక్కే మొదటి కృత్రిమ కంటి లెన్సు!

రెండో ప్రపంచయుద్ధంలో విమానం అద్దం పగిలి పైలట్ల కళ్ళలో ముక్కలు గుచ్చుకునేవి. ఆ ముక్కలు ఏళ్ళ తరబడి ఉన్నా కన్ను వాటిని పట్టించుకోలేదని హెరాల్డ్ రిడ్లీ గమనించి, 1949లో లండన్‌లో అదే ప్లాస్టిక్‌తో లెన్సు చేసి పెట్టాడు. తోటి డాక్టర్లు ఏళ్ళకొద్దీ దుమ్మెత్తిపోశారు.

మా దగ్గర కథ మీకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. మీరు కణాలు ఎక్కాలంటారు, మేం ఎక్కకూడదంటాం. శుక్లం తీశాక మిగిలిన కణాలు లెన్సు వెనక పొర మీదికి పాకి మళ్ళీ మసక తెస్తాయి. దీనికి దొరికిన మంచి మందు ఏమిటో తెలుసా? లెన్సు అంచుని గుండ్రంగా కాకుండా నలుపలకలుగా కోయడం. ఆ పదునైన అంచు దగ్గర కణం పాకడం ఆగిపోతుంది. పిట్టగోడ దాటలేని చీమలా.

చిలిపి_బల్లి · బుధవారం, మధ్యాహ్నం 12:10

ఈసారి సీరియస్ ప్రశ్న. బల్లి ఏ బంకా లేకుండా గోడకి ఎలా అంటుకుంటుంది? మా ఇంట్లోది ట్యూబ్‌లైట్ దగ్గర తలకిందులుగా కాపురం పెట్టింది.

మెటల్_అక్క · బుధవారం, మధ్యాహ్నం 12:32

పేరు పెట్టుకుని మీరే అడిగితే ఎలా! కాలివేళ్ళ కింద లక్షల సన్నని వెంట్రుకలు, ఒక్కోటి చివర వందల చీలికలు. అంత దగ్గరగా తాకితే అణువుల మధ్య ఉండే అతి బలహీనమైన ఆకర్షణ కూడా కలిసి బలమవుతుంది. నాన్‌స్టిక్ పెనానికి పూసే టెఫ్లాన్ మీద మాత్రం పొడిగా ఉంటే జారిపోతుంది. నమ్మకపోతే మీ దోశ పెనం గోడకి తగిలించి చూడండి.

మోడరేటర్ · బుధవారం, సాయంత్రం 5:00

మోకాలి తైలం ప్రకటనలు రెండు తీసేశాం. మూడోది పెడితే ఖాతా తీసేస్తాం.

నల్లకుంట_అబ్బాయి · ఐదు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:15

అప్‌డేట్ ఇవ్వకుండా మాయమైనందుకు సారీ. మొదటి ఆపరేషన్ అయ్యి నెల. ఇంప్లాంట్ తీసి స్పేసర్, అదే ఆ మందు కలిపిన సిమెంట్ ముక్క, పెట్టారు.

డాక్టర్‌గారిని ఈసారి తెలివిగా ప్రశ్నలు అడిగా, మీ పుణ్యమా అని. తీసిన ముక్కల్ని అల్ట్రాసౌండ్ నీళ్ళలో పెట్టి పాచి రాల్చి, ఆ నీటిని కల్చర్ చేశారట. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కడిగే మెషిన్‌లాంటిదే అన్నారు. ఇది వట్టి కండ ముక్కల్ని పరీక్షించడం కంటే మేలని 2007లో మాయో క్లినిక్‌వాళ్ళు చూపించారట, కండ ముక్కలతో 61 శాతం ఇన్‌ఫెక్షన్లు దొరికేచోట ఇలా 79 శాతం దొరికాయని. మాకు మళ్ళీ అదే ఎపిడెర్మిడిస్ వచ్చింది, కొత్తవేవీ లేవు.

పది రోజులకి మందుల్లో రిఫాంపిసిన్ కలిపారు. మా పిన్ని చీటీ చూసి "ఇది టీబీ మందు కదే, అక్కకి టీబీ అని దాస్తున్నారా?" అని ఒకటే ఏడుపు. ఇంట్లో రోజంతా టెన్షన్. పైగా అమ్మకి మూత్రం నారింజరంగులో రావడంతో భయం రెట్టింపయింది. ఫోన్ చేస్తే డాక్టర్‌గారు నవ్వేశారు. లోహం మీది స్టెఫైలోకాకస్ పాచి లోపలికి బాగా చొరబడే మందు అదేనట, ఒంటరిగా ఇస్తే క్రిమి చప్పున అలవాటు పడిపోతుంది కాబట్టి ఇంకోదానితో కలిపి ఇస్తారట, రంగు మామూలేనట.

ఇంకో సంగతి. అమ్మ తన పాత మోకాలు చూపించమని పట్టుబట్టింది. కడిగి కవర్లో పెట్టి చూపించారు. తళతళలాడుతోంది, కొత్త స్టీలు గిన్నెలా. అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేం పాచి ఉందిరా, నేను తోమిన గిన్నెలే నయం అనుకున్నా, ఇది ఇంకా శుభ్రంగా ఉంది" అంది.

సంపు_సాయి · శనివారం, రాత్రి 8:40

అమ్మకి చెప్పన్నా, కంటికి శుభ్రంగా కనబడ్డ ట్యాంకే నేను రెండుసార్లు గీకుతా.

నల్లకుంట_అబ్బాయి · శనివారం, రాత్రి 8:52

చెప్పా సాయన్నా. ‘అయితే మన ట్యాంకు ఎప్పుడు కడిగించావురా’ అని నన్నే అడిగింది. రోజూ పొద్దున లేవగానే రెండు మోకాళ్ళ మీదా చెరో చెయ్యి పెట్టి చూసుకుంటోంది. ఇవాళ రెండూ ఒకలాగే ఉన్నాయంది. రెండో ఆపరేషన్ గురించి వచ్చే నెల 9న రక్తపరీక్షలు చూసి చెప్తారు.

మెటల్_అక్క · శనివారం, రాత్రి 9:03

9న ఏమన్నారో ఇక్కడే రాయండి.